మూడొందల తలుపులు

ఒక మండలం. గడిచిన రెండేళ్ళలో కాన్పయిన తల్లులు పదిహేను వందల మంది. కడుపుతో ఉన్నప్పుడు ఒక్కొక్కరికీ ప్రభుత్వం నుంచి అందవలసిన ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు 180. వాటిని నిజంగా మింగినవాళ్ళు నూటికి ఎంతమంది? మండలం నేను ఊహించుకున్నది, పదిహేను వందలన్నది లెక్కకు వీలుగా పెట్టుకున్న అంకె. ప్రశ్న మాత్రం ఊహ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మాత్ర చేతికందడం ఒక ఎత్తు, గొంతు దిగడం మరో ఎత్తు. ఆ రెంటి మధ్య ఎంత దూరముందో తెలియకుండా ఈ జబ్బు మీద పెట్టే ఖర్చు గుడ్డి ఖర్చే.

ఈ ప్రశ్న దగ్గర ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడుతున్నాను. మామయ్య హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. జనాభా లెక్కల్లో మొదట ఎన్యూమరేటరుగా, తర్వాత సూపర్‌వైజరుగా తిరిగిన అనుభవం ఉంది. మేనకోడలు స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి సర్వేలు నడిపే ఉద్యోగంలో ఉంది. మండల మహిళా సమాఖ్య ఈ పనిని ఆమెకు అప్పజెప్పింది. ఎవరి మాట ఎక్కడ బరువుగా తోచిందో మధ్యలో చెబుతాను.

మామయ్య: పదిహేను వందల మందే కదమ్మా. ఇరవై ఊళ్ళు. వారం పది రోజులు తిరిగితే అందరినీ అడిగేయవచ్చు. మూడొందల మందిని ఏరి, వాళ్ళ మాటే మిగతా పన్నెండొందల మంది మాట అని రాయడమెందుకు? అడిగే వీలున్నచోట అడక్కుండా లెక్క కట్టడం నాకు మింగుడుపడదు.

మేనకోడలు: అడిగేదెవరు మామయ్యా?

మామయ్య: ఆశా కార్యకర్తలున్నారుగా. ప్రతి గడపా ఎరిగినవాళ్ళు.

మేనకోడలు: మాత్రలు ఇచ్చిందీ వాళ్ళే. ఇచ్చిన మనిషే వచ్చి “మింగావా?” అంటే “మింగానక్కా” అనకుండా ఏ తల్లి ఉంటుంది? పదిహేను వందల మందీ అలా అన్నారనుకోండి, మన దగ్గర పదిహేను వందల మర్యాదలు పోగవుతాయి గానీ జవాబులు రావు. మూడొందల మందినైతే పక్క మండలం నుంచి ఆరుగురు అమ్మాయిలను తెచ్చి, నాలుగు రోజులు నేర్పి, ఒక్కో తల్లి దగ్గర అరగంట కూర్చోబెట్టగలను. పదిహేను వందల మందికి ఆ ఓపికా లేదు, సమాఖ్య దగ్గర ఆ డబ్బూ లేదు.

మామయ్య: అడిగే తీరులో లోపముంటే తీరు మార్చు. మనుషులను తగ్గించడం దేనికి? అయినా మూడొందలన్న అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది? నీ ఖర్చుకు సరిపోయే అంకె పెట్టుకున్నావు, అంతేనా?

మేనకోడలు: కాదు, లెక్క వేసే పెట్టుకున్నాను. మింగనివాళ్ళు నూటికి 40 మంది అనుకుందాం. 0.40ని మిగతా 0.60తో గుణిస్తే 0.24. దాన్ని మూడొందలతో భాగిస్తే 0.0008. దాని వర్గమూలం 0.028, అంటే నూటికి 2.8. పుస్తకాల్లో దీన్నే ప్రామాణిక దోషం అంటారు. దానికి రెండింతల దాకా అటూ ఇటూ వదలాలి, అంటే దాదాపు అయిదున్నర. పదిహేను వందల్లో అయిదో వంతును ఎలాగూ అడిగేస్తున్నాం గనుక అది అయిదుకు దిగుతుంది. నాకు 40 వస్తే అసలు నిజం 35కీ 45కీ మధ్య ఉంటుందని చెప్పగలను.

మామయ్య: కచ్చితంగా?

మేనకోడలు: మూడొందల మందిని లాటరీ తీసే ఎంచుతాం. ఇదే లాటరీ వందసార్లు తీస్తే సుమారు తొంభై అయిదుసార్లు నిజం ఆ హద్దుల్లో చిక్కుతుంది. మనం తీసేది ఒక్కసారే. అది ఆ తొంభై అయిదులో ఉందా, మిగిలిన అయిదులో పడిందా అంటే చెప్పలేను.

మామయ్య: సరే, దాపరికం లేకుండా చెప్పావు. కానీ నీ లెక్కలో ఒకటి నాకు పొసగడం లేదు. 0.24, మూడొందలు, వర్గమూలం. ఇందులో మండలం జనాభా ఎక్కడుంది? రాష్ట్రమంతా తీసుకున్నా మూడొందలే చాలంటుందా నీ సూత్రం?

మేనకోడలు: ఒకే ఒక్క అంకె కావాలంటే దాదాపు అంతే. రాష్ట్రమంతటికీ మూడొందల మందిని నిజమైన లాటరీతో తీయగలిగితే అటూ ఇటూ అయిదున్నరే. జనాభా పెరిగినందువల్ల గురి తప్పదు. గురి పెరగాలంటే మాత్రం ఖరీదెక్కువ: దోషం సగం కావాలంటే మనుషులను నాలుగింతలు చేయాలి. పైగా ఎవరికీ ఒక్క అంకెతో సరిపోదు. జిల్లా జిల్లాకూ కావాలంటారు. అందుకే ఆ కుటుంబ ఆరోగ్య సర్వే మన ఆంధ్రప్రదేశ్‌లో 11,346 ఇళ్ళకు వెళ్ళి 10,975 మంది ఆడవాళ్ళతో మాట్లాడింది.

మామయ్య: అన్నం మెతుకు సామెత చెబుతావని ఎదురుచూస్తున్నా. ఒక్క మెతుకు పట్టుకు చూస్తే కుండ సంగతి తెలుస్తుందని మా రోజుల్లో ప్రతి లెక్కల మాస్టారూ చెప్పేవాడు. నేను ఒప్పుకోలేదు. కుండలో మెతుకులన్నీ ఒకే మంట మీద, ఒకే నీళ్ళలో ఉడుకుతాయి. జనం అలా ఉడకరు. రోడ్డు పక్క ఊళ్ళో తల్లికీ గుట్ట మీద తండాలో తల్లికీ నీళ్ళు వేరు, మంట వేరు.

మేనకోడలు: అందుకే నేను ఆ సామెత చెప్పలేదు. కలిసిపోని జనం కాబట్టే ఎవరిని అడగాలో మనం ఎంచుకోకూడదు. రోడ్డు పక్క ఊరికే వెళ్తే రోడ్డు పక్క నిజమే వస్తుంది. చీటీ తీస్తే గుట్ట మీది తల్లికీ రోడ్డు పక్క తల్లికీ సమానమైన అవకాశం. నా నమ్మకం మూడొందలన్న అంకె మీద లేదు మామయ్యా, ఆ చీటీ మీద ఉంది.

మామయ్య: చీటీని నమ్ముతావు గానీ గడపగడపా తిరిగిన మనిషిని నమ్మవన్నమాట! 2001 లెక్కల్లో ఫిబ్రవరి 28 రాత్రి మేం బస్టాండులో, రైలు స్టేషన్లో, గుడి అరుగుల మీద నిద్రపోతున్నవాళ్ళను లేపి రాసుకున్నాం. ఇల్లు లేనివాడు కూడా ఈ దేశంలో ఒక అంకె కావాలని. ఆ రాత్రి ఒక ముసలాయన “నన్నెందుకు బాబూ రాసుకోవడం?” అన్నాడు. నీ చీటీలో ఆయన పేరు రాదు. రానక్కర్లేదంటుంది నీ సూత్రం.

ఈ మాట దగ్గర నేను మామయ్య పక్షమే. జనగణన అంటే శాతాలు తేల్చడమే కాదు, ప్రతి మనిషినీ ఉన్నట్టు ఒప్పుకోవడం కూడా. మేనకోడలు దాన్ని కాదనలేదు, కాసేపు మాట్లాడనూ లేదు. ఆ తర్వాత ఆమె ఎత్తుకున్న ఉదాహరణ గట్టిది.

మేనకోడలు: ఆ రాత్రి మీరు చేసింది గొప్ప పని. అయినా అందరినీ రాసుకున్నాం అనుకున్నంత మాత్రాన అందరూ పడరు. 2011 జనగణన అయ్యాక, ఎంతమందిని వదిలేశామో చూడటానికి కొన్ని బ్లాకులు ఎంచి మళ్ళీ తిరిగారు. వెయ్యికి 23 మంది తప్పిపోయారని తేలింది. పల్లెల్లో కన్నా పట్టణాల్లో ఎక్కువ. జనగణన లోపం ఎంతో చెప్పింది ఒక నమూనా సర్వే! ఇంకా వెనక్కి వెళ్ళండి. 1940ల బెంగాల్. జనపనార ఎంత పండిందో తెలియాలి. ప్రభుత్వం ఊరూరా ప్రతి మడీ లెక్క పెట్టించింది. కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన మహలనోబిస్ పటాల మీద లాటరీతో కొన్ని చదరాలు తీసి, వాటిలో జనపనార ఎంత భాగమో మాత్రం చూశారు. మడిమడి లెక్క 63 లక్షల బేళ్ళంది. నమూనా 75 లక్షల 40 వేలంది. తర్వాత ఎగుమతులు, మిల్లుల వాడకం కూడితే వచ్చింది 75 లక్షల 62 వేలు.

మామయ్య: మడిమడీ చూసినవాళ్ళు పన్నెండు లక్షల బేళ్ళు ఎలా పోగొట్టారు?

మేనకోడలు: ఎక్కువ మంది మనుషులు, తక్కువ శిక్షణ, పైన చూసేవాళ్ళు లేరు. మహలనోబిస్ మాత్రం తన మనుషులను కూడా నమ్మలేదు. అదే చోటికి రెండు వేర్వేరు జట్లను, ఒకరి చీటీ ఇంకొకరికి తెలియకుండా పంపేవారు. రెండు జట్ల శాతాలూ దగ్గరగా వస్తే సరే, దూరమైతే ఎవరో చెట్టు కింద కూర్చుని రాశారని అర్థం. మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన సి.ఆర్.రావు 1941లో చేరింది ఆయన దగ్గరే.

మామయ్య: చెట్టు కింద కూర్చుని రాసేవాళ్ళను నేనూ చూశాను. ఇంటికి తాళం ఉంటే పక్కింటాయన్ని అడిగి నింపేసిన ఫారాలు నా చేతి మీదుగానూ వెళ్ళాయి. అప్పటికి అది తప్పనిపించలేదు, పక్కింటాయన అబద్ధం చెప్పడని. నీ సర్వేలో తాళం వేసి ఉంటే ఏం చేస్తావు?

మేనకోడలు: మళ్ళీ వెళ్తాను. పొద్దున తాళం ఉంటే రాత్రి, ఆదివారం ఉంటే సోమవారం. పక్కింటికి మాత్రం వెళ్ళను. ఆరోగ్య సర్వేలో ఊరికి 22 ఇళ్ళు ముందే ఎంచి ఇస్తారు. తాళముంటే పక్కిల్లు తీసుకోవడానికి వీల్లేదు. తాళం వేసుకుని కూలికి పోయిన తల్లీ, ఇంట్లో దొరికే తల్లీ ఒకటి కాదు కదా. దొరికినవాళ్ళతో ఖాళీ పూడిస్తే మూడొందలూ నిండుతాయి గానీ దొరకనివాళ్ళ సంగతి పోతుంది.

మామయ్య: అలా చెప్పు. దొరకనివాళ్ళు నీకూ ఉన్నారు, నాకూ ఉన్నారు. మరి నీది గొప్పేమిటి?

మేనకోడలు: నా దగ్గర వాళ్ళు తక్కువమంది, వెంటపడగలను. తెలంగాణలో 2024 నవంబరులో మొదలైన కుల సర్వే చూడండి. అది నమూనా కాదు, ఇంటింటి లెక్క. సుమారు కోటీ 12 లక్షల కుటుంబాలు, 96.9 శాతం చేరామన్నారు. ముస్లింలను మినహాయిస్తే బీసీలు 46.25 శాతమన్నారు. ఆ మిగిలిన 3.1 శాతంలో ఎవరెంతమందో తెలియదు. వాళ్ళలో ఒక్కరూ బీసీ కాకపోతే అసలు శాతం 44.8. అందరూ బీసీలైతే 47.9. ఇంత మందిని అడిగాక కూడా మూడు శాతం చీకటి మిగిలింది. నేను రాజకీయం మాట్లాడడం లేదు, ఒట్టి గుణకారం. లాటరీతో తీసిన పదివేల మంది అందరూ తలుపు తీస్తే, అటూ ఇటూ ఒక్క శాతమే ఉండేది.

మామయ్య: “అందరూ తలుపు తీస్తే”! అక్కడే పట్టుకున్నా నిన్ను. ఆ ఎన్యూమరేటరుకు తలుపు తీయనివాడు నీకు మాత్రం తీస్తాడా? నీ పదివేలలోనూ మూడొందల మంది తీయరు. అప్పుడు నీ ఒక్క శాతానికి ఈ మూడు శాతం కూడా కలపాలి.

మేనకోడలు: నిజమే, కలపాలి. కాకపోతే మూడొందల తలుపుల దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళగలను, అయిదోసారి పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్ళగలను. మూడున్నర లక్షల తలుపుల దగ్గరికి ఎవరు వెళ్తారు? వదిలిపోయినవాళ్ళ కోసం అక్కడా మళ్ళీ అవకాశం ఇచ్చారు. కానీ రమ్మని పిలవడం వేరు, వెతుక్కుంటూ పోవడం వేరు.

ఈ వాదంలో అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం. పత్రికల్లో సర్వే ఫలితం కింద చిన్న అక్షరాల్లో “ప్లస్ ఆర్ మైనస్ మూడు శాతం” అని వేస్తారు. ఆ మూడు శాతం చీటీలు తీయడంలో ఉన్న అదృష్టానిది మాత్రమే. తలుపు తీయనివాళ్ళకు, మర్యాదకు తలూపినవాళ్ళకు, పరికరం చూపిన తప్పుకు అందులో చోటు లేదు. రక్తహీనత అంకెలకే ఈ పేచీ ఉంది: ఆ సర్వేలో వేలికొస పొడిచి తీసిన చుక్కతో పరీక్షించారు. ఆ చుక్క ఫలితానికీ నరం నుంచి తీసిన రక్తం ఫలితానికీ తేడా వస్తుందని శాస్త్రవేత్తలు వాదించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేపట్టిన తర్వాతి సర్వేకు నరం నుంచే రక్తం తీయాలని పెట్టుకున్నారు. సూది తప్పు చెబితే పదివేల మందిని పొడిచినా, పది లక్షల మందిని పొడిచినా అదే తప్పు తిరిగి వస్తుంది. 2015–16లో ఆంధ్రప్రదేశ్ అంకె 60.0. అది 58.8కి దిగిందంటే సంతోషించేముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. పదకొండు వేల మందిని విడివిడిగా చీటీ తీస్తే లాటరీ దోషం అటూ ఇటూ 0.9. ఊరికి ఇరవై రెండు ఇళ్ళ చొప్పున గుత్తులుగా తీశారు గనుక అది ఇంకా పెరుగుతుంది. పాత సర్వేకూ అలాంటి దోషమే ఉంది. ఇక 1.2 తగ్గుదల నిజమైన తగ్గుదలో, చీటీల కదలికో ఎవరు చెప్పగలరు? చెప్పలేమని రాసే పత్రిక నాకు ఇంతవరకు కనబడలేదు.

మామయ్య: ఇంకో సంగతి. నీ చీటీలు ఏ జాబితా నుంచి తీస్తావు?

మేనకోడలు: ఏఎన్‌ఎంల దగ్గరి రిజిస్టర్ల నుంచి. గర్భిణిగా నమోదైన ప్రతి పేరూ అందులో ఉంటుంది.

మామయ్య: మన వైపు తొలికాన్పు పుట్టింట్లో. అయిదో నెలలోనో ఏడో నెలలోనో తీసుకెళ్తారు. మూడు నెలల మాత్రలు అత్తగారి ఊళ్ళో, మిగతావి పుట్టింట్లో. ఆ అమ్మాయి ఏ రిజిస్టర్లో ఉన్నట్టు? రెండిట్లోనూ ఉంటే రెండు చీటీలు. దేన్లోనూ లేకపోతే అసలు చీటీయే లేదు. ఇటుక బట్టీలకు వలసపోయి అక్కడే కన్నవాళ్ళ మాటేమిటి? నువ్వు నమ్మిన చీటీ డబ్బాలోకి వాళ్ళ పేర్లు పడనే లేదు.

మేనకోడలు: ఇది నేను ఆలోచించలేదు మామయ్యా. అంటే ముందు ఊరూరా తిరిగి ఏడాది, రెండేళ్ళ పిల్లలున్న ఇళ్ళన్నీ మనమే జాబితా రాసుకోవాలి. రిజిస్టరుతో సరిచూడాలి. ఇప్పుడు ఈ మండలంలో ఉంటున్న తల్లులు మాత్రమే అని గీత గీసుకోవాలి. పుట్టింటికి వచ్చి పిల్లాడితో తిరిగి వెళ్ళిపోయినవాళ్ళు అత్తగారి మండలం లెక్క.

మామయ్య: ఆ జాబితా రాయడానికి గడపగడపా తిరగాలిగా. తిరిగినదానివి ఆ ఒక్క ప్రశ్నా అడిగేస్తే పోలా?

మేనకోడలు: మళ్ళీ అక్కడికే వచ్చారు! ఇంట్లో రెండేళ్ళ పిల్లాడున్నాడా అంటే వాకిట్లోనే జవాబు దొరుకుతుంది. మాత్రలు మింగావా అంటే వాకిట్లో, అత్తగారి ముందు, ఆశా అక్క ముందు దొరికేది జవాబు కాదు.

మామయ్య: పరాయి అమ్మాయి అడిగితే మాత్రం నిజం చెబుతుందా?

మేనకోడలు: చాలామంది చెబుతారు. 2019–21లో దేశం మొత్తం మీద 180 రోజులు మింగామన్న తల్లులు నూటికి 26 మందే. వంద రోజులన్నా మింగినవాళ్ళు 44. అంటే సగానికి పైగా తల్లులు వంద రోజులు కూడా మింగలేదని ఒప్పుకున్నారు. అందరూ కాదనుకోండి. కొందరు బొంకే ఉంటారు. ఎంతమందో ఏ వర్గమూలమూ చెప్పదు. దానికొక ఉపాయం ఉంది. 1965లో స్టాన్లీ వార్నర్ అనే అమెరికన్ ఆలోచించిన దారి, ఇది దాని రూపాల్లో ఒకటి. తల్లి చేతికి ఒక రూపాయి బిళ్ళ ఇస్తాం. కొంగు చాటున ఎగరేసి తనొక్కతే చూసుకుంటుంది. బొమ్మ పడితే, మింగినా మింగకపోయినా “మింగలేదు” అనాలి. బొరుసు పడితే నిజం చెప్పాలి. “మింగలేదు” అన్న తల్లిని ఎవరూ తప్పుపట్టలేరు. బొమ్మ పడి అందేమో!

మామయ్య: మరి నీకేం తెలిసినట్టు?

మేనకోడలు: ఒక్కొక్కరి గురించి ఏమీ తెలియదు. అందరి గురించీ తెలుస్తుంది. మూడొందల్లో 210 మంది “మింగలేదు” అన్నారనుకోండి. బొమ్మ పడ్డవాళ్ళు సుమారు 150 మంది, వాళ్ళను తీసేస్తే 60. బొరుసు పడ్డ 150 మందిలో 60, అంటే 40 శాతం.

మామయ్య: బాగుందే! పిల్లలకు చెప్పవలసిన లెక్క ఇది. ఏ ఇంటి పరువూ పోకుండా ఊరి నిజం బయటికొస్తుంది. కానీ ఊరికే రాదే ఏదీ. దీని ఖరీదెంత?

మేనకోడలు: గురి సగం పోతుంది. నేరుగా అడిగితే అటూ ఇటూ అయిదు. బిళ్ళతో అడిగితే పది. 40 అంటే 30 నుంచి 50 దాకా అన్నమాట. అదే అయిదుకు దింపాలంటే మూడొందలు చాలవు, పన్నెండొందలు కావాలి.

మామయ్య: పన్నెండొందలా! ఉన్నదే పదిహేను వందలు. ఇంతసేపూ నాతో తగాదా పడి, నీ లెక్కే నిన్ను నా గడప దగ్గరికి తెచ్చింది చూశావా? అందరినీ అడుగు.

మేనకోడలు: అడిగినా మీరనుకున్న కచ్చితం రాదు. పదిహేను వందల మందినీ బిళ్ళతో అడిగితే లాటరీ దోషం సున్నా అయినా బిళ్ళ దోషం మిగులుతుంది. లెక్క వేస్తే అటూ ఇటూ నాలుగు. ఒక్కరినీ వదలకుండా అడిగి కూడా “సుమారు” అని రాయవలసిందే.

మామయ్య: రాయి. సుమారు అని రాస్తే తక్కువైపోతామా? పైగా బిళ్ళ ఉంటే ఆశా కార్యకర్తే అడగవచ్చు. ఆమెకు కూడా తెలియదుగా ఏది పడిందో. నీ ఆరుగురు అమ్మాయిలకు పెట్టే ఖర్చూ తగ్గుతుంది.

మేనకోడలు: అయితే ఒకటి చేద్దాం. జాబితా అయ్యాక లాటరీ తీసి మూడొందల మందిని విడిగా పెడదాం. వాళ్ళను మా అమ్మాయిలు నేరుగా అడుగుతారు, బిళ్ళ లేకుండా. మిగతా పన్నెండొందల మందినీ ఆశాలు బిళ్ళతో అడుగుతారు. లాటరీతో విడదీసినవాళ్ళే కాబట్టి రెండు గుంపులూ ఒకేలాంటివి. రెండు శాతాలకూ మధ్య తేడా ఎనిమిది దాటితే అది అదృష్టం వల్ల వచ్చింది కాదని, మొహమాటం వల్ల వచ్చిందని చెప్పగలను. అంతకన్నా తక్కువైతే ఏమీ చెప్పలేను.

మామయ్య: తండాల సంగతి? మన మండలంలో రెండే తండాలు. ఒకదాన్లో పన్నెండు మంది తల్లులుంటే నీ మూడొందల్లోకి ఇద్దరో ముగ్గురో వస్తారు. మండలం శాతంలో తండా కలిసిపోతుంది. మందు అందనిది అక్కడే.

మేనకోడలు: తండాకు శాతం నా సూత్రం ఇవ్వలేదు. పన్నెండు మందినే ఏదో పెద్ద తండా నుంచి చీటీతో తీశామనుకోండి, ఒక్కరూ మింగలేదన్నారనుకోండి. నా సూత్రం “సున్నా, అటూ ఇటూ సున్నా” అంటుంది. అది శుద్ధ తప్పు. 1927లో విల్సన్ ఇచ్చిన సవరణతో వేస్తే, మింగినవాళ్ళు సున్నా నుంచి 24 శాతం దాకా ఎంతైనా ఉండవచ్చు. పాతిక శాతం చీకటిని పట్టుకుని ఏ అధికారి దగ్గరికి వెళ్తాం? తండాల్లో మాత్రం మీ మాటే. చీటీ లేదు, బిళ్ళ లేదు. ప్రతి తల్లి దగ్గరా మా అమ్మాయే కూర్చుంటుంది.

మామయ్య: లంబాడీ మాట వచ్చిన అమ్మాయి.

మేనకోడలు: అవును, ఆ మాట వచ్చిన అమ్మాయే.

మామయ్య: ఇక నీ బిళ్ళ మీద నా అనుమానం ఒకటి మిగిలింది. 180 మాత్రలూ వికారం ఓర్చుకుని మింగిన తల్లి ఉంటుంది. ఆమెకు బొమ్మ పడింది. “మింగలేదు” అనాలి. అంటుందా? అంత కష్టపడి మింగి, మింగలేదని ఎందుకనాలి అనుకోదూ? బిళ్ళ ఏం చెప్పినా “మింగాను” అనే అంటుంది. అప్పుడు నీ 150 తీసేయడం ఎలా కుదురుతుంది?

మేనకోడలు: కుదరదు. ఈ పద్ధతికి అదే పెద్ద చిక్కు, చాలా చోట్ల ఎదురైంది. ఒక గుర్తు మాత్రం ఉంది. అందరూ నియమం పాటిస్తే “మింగలేదు” అనేవాళ్ళు సగానికి బాగా తగ్గే వీల్లేదు, బొమ్మ పడ్డవాళ్ళే సుమారు సగమంది ఉంటారు గనుక. ఏదైనా ఊళ్ళో సగం కన్నా బాగా తక్కువ వస్తే అక్కడ బిళ్ళ మాట విననట్టే.

మామయ్య: అప్పుడేం చేస్తావు?

మేనకోడలు: ఆ ఊరి అంకెను కూడికలోంచి తీసేస్తాను.

మామయ్య: తీసేయవద్దు. తీసేస్తే మళ్ళీ నువ్వు ఎంచుకున్నట్టే అవుతుంది. ఊరి పేరు, వచ్చిన అంకె, దాన్ని ఎందుకు నమ్మడం లేదో, మూడూ ఒకే వరసలో రాయి. తాళం వేసి ఉన్న ఇళ్ళు ఎన్ని, అడిగినా చెప్పనన్నవాళ్ళు ఎంతమంది అన్నది ఇంకో వరస. సమాఖ్య మీటింగులో చదివేటప్పుడు 40 అన్న అంకె కన్నా ముందు ఆ రెండు వరసలూ చదవాలి.

మేనకోడలు: ముందు చదివితే ఎవరూ చివరిదాకా వినరేమో మామయ్యా.

మామయ్య: వింటారు. మాత్రలు మింగవలసినవాళ్ళు వాళ్ళు. బిళ్ళ సంగతి మాత్రం ముందు పక్క మండలంలో ఇరవై మంది దగ్గర చేసి చూడు. నేనూ వస్తాను. నన్ను మాత్రం వాకిలి బయటే కూర్చోబెట్టు. మగవాడిని, పైగా హెడ్మాస్టరుని చూస్తే ఏ తల్లీ మింగలేదనదు.